ఊరుగాని ఊరిలో: దూరపు విపత్తుల నిర్వాసితులు, స్థానిక ప్రభుత్వాలు

ప్రకృతి వైపరీత్యం ఒక చోట విరుచుకుపడినా దాని బాధితులంతా ఆ చోటనే ఉండిపోరు. తుపాను, భూకంపం, సునామీ, ఏదైనా సరే, ఇల్లు పోయినవారిలో కొందరు వందల కిలోమీటర్లు దాటి, ఆ విపత్తు గాలి కూడా సోకని ఊళ్లకు చేరుకుంటారు. అలా వచ్చినవారిని అక్కడి నగరపాలక సంస్థ, కౌంటీ, పాఠశాలల బోర్డు, ఆసుపత్రుల సంస్థ ఎలా ఆదుకుంటాయన్నదే ఈ వ్యాస విషయం.

విపత్తు జరిగిన చోట చేసే సహాయ చర్యలకూ దీనికీ పోలిక తక్కువ. ఆశ్రయమిచ్చే ఊళ్లో రోడ్లు బాగానే ఉంటాయి, కరెంటు ఉంటుంది, ఆసుపత్రులు, బడులు నడుస్తూనే ఉంటాయి. వచ్చినవారికి ఆ ఊరితో సంబంధం మాత్రం ఉండదు. వాళ్లు అక్కడి ఓటర్లు కారు, అక్కడ పన్ను కట్టినవారు కారు. ఏ రిజిస్టరులోనూ వారి పేరు కనిపించదు. స్థానిక ప్రభుత్వం నడిచేదే ఇంటి నంబర్ల మీద, ఆస్తి పన్ను రికార్డుల మీద, నివాస ధ్రువపత్రాల మీద. చిరునామా లేని మనిషికి ఏం చేయాలన్నది దానికి అలవాటు లేని పని.

కప్పు, కూడు, మందు అందించే తొలి రోజుల పని కష్టమే గానీ, చాలా ఊళ్లు దాన్ని బాగానే చేశాయి. స్వచ్ఛంద సంస్థలు కదిలివస్తాయి, విరాళాలు వస్తాయి, పత్రికలు రాస్తాయి. అసలు పరీక్ష మొదటి నెల గడిచాక మొదలవుతుంది. అద్దె ఎవరు కట్టాలి, పిల్లవాడి ఫీజు ఎవరి లెక్కలో పడాలి, మధుమేహ రోగి మందుల ఖర్చు ఏ ప్రభుత్వం భరించాలి, ఈ మనిషి ఏ ఊరివాడు? ఈ ప్రశ్నలకు అమెరికా ఒక రకంగా, జపాన్ మరో రకంగా జవాబు వెతుక్కున్నాయి. అమెరికా జవాబుకు 2005 నాటి హ్యూస్టన్ నగరం, జపాన్ జవాబుకు 2011 తర్వాతి ఫుతాబా పట్టణం మంచి ఉదాహరణలు.

హ్యూస్టన్: మొదటి ఇరవై రోజులు

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను లూజియానా వద్ద తీరం దాటింది. కరకట్టలు తెగడంతో న్యూ ఆర్లీన్స్ నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. కారు లేక ఊరు విడవలేకపోయినవారు వేలాదిగా సూపర్‌డోమ్ క్రీడా మందిరంలో తలదాచుకున్నారు. దాని పైకప్పు చిరిగింది, కరెంటు పోయింది, మరుగుదొడ్లు పనిచేయలేదు. వారిని ఎక్కడికో తరలించక తప్పని స్థితి ఏర్పడింది.

ఆగస్టు 31 తెల్లవారుజామున టెక్సాస్ రాష్ట్ర విపత్తు అధికారి నుంచి హారిస్ కౌంటీ జడ్జి రాబర్ట్ ఎకెల్స్‌కు ఫోన్ వచ్చింది. అక్కడ కౌంటీ జడ్జి అంటే తీర్పులిచ్చే న్యాయమూర్తి కాదు. మన కలెక్టరు చేసే పనిలో చాలా భాగం చేసే, ప్రజలు ఎన్నుకున్న పాలకుడు. సూపర్‌డోమ్ జనాన్ని హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌కు తీసుకురావచ్చా అని ఆ ఫోన్లో అడిగారు. రెండు నగరాల మధ్య దూరం సుమారు 560 కిలోమీటర్లు. 1965లో ప్రారంభమైన ఆ పెద్ద క్రీడా మందిరం కౌంటీ ఆస్తి. 2005 నాటికి అందులో ఏ జట్టూ స్థిరంగా ఆడడం లేదు, కాబట్టి ఖాళీగా ఉంది. ఎకెల్స్ సరేనన్నాడు. నగర మేయర్ బిల్ వైట్ అతనితో చేయి కలిపాడు. అమెరికాలో నగరమూ కౌంటీ వేర్వేరు ప్రభుత్వాలు, ఒక్కోసారి ఒకదానికొకటి పొసగవు. ఎకెల్స్ రిపబ్లికన్, వైట్ డెమోక్రాట్. ఆ కొద్ది వారాల్లో వారిద్దరి మధ్య కుదిరిన పొత్తే సగం విజయానికి కారణమని నా అభిప్రాయం.

ప్రణాళిక అంతా కాగితం మీద చక్కగానే ఉంది. సూపర్‌డోమ్ నుంచి అధికారిక బస్సులు వస్తాయి, అందులోని వారికే ప్రవేశం. కానీ ఆ రాత్రి ముందుగా వచ్చి నిలిచింది ఒక పసుపుపచ్చ స్కూలు బస్సు. మునిగిపోతున్న న్యూ ఆర్లీన్స్‌లో ఒక కుర్రవాడు దొరికిన బస్సు ఎక్కి, దారిలో కనిపించినవారినల్లా ఎక్కించుకుని తోలుకొచ్చాడు. వీళ్లు సూపర్‌డోమ్ జాబితాలోని వారు కారు కదా అని గేటు దగ్గర మొదట తటపటాయించారు. కాసేపటికి లోపలికి రానిచ్చారు. నిర్వాసితులకు ఆశ్రయమిచ్చే ప్రతి ప్రభుత్వానికీ ఏదో ఒక గేటు దగ్గర ఈ ఘట్టం ఎదురవుతుంది. సాయం ఫలానా జాబితాలోని వారికని రాసుకుంటారు, వచ్చేవారు మాత్రం జాబితా చూసుకుని రారు.

ఆస్ట్రోడోమ్‌లో 25,000 మంది దాకా పడతారన్న అంచనా అగ్నిమాపక అధికారుల ముందు నిలవలేదు. ఇక చాలన్నారు వాళ్లు. దాంతో అదే ఆవరణలోని రిలయంట్ సెంటర్, రిలయంట్ అరీనా తెరిచారు. నగరపాలక సంస్థ తన జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌ను ఇచ్చింది. మైదానమంతా మడత మంచాలు బారులు తీరాయి. ఒకప్పుడు ఆటగాళ్లు వాడిన స్నానాల గదులు నిర్వాసితులకు పనికొచ్చాయి. తపాలా శాఖ ఆస్ట్రోడోమ్‌కు 77230 అని ప్రత్యేకంగా పిన్‌కోడ్ ఇచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ నెల సామాజిక భద్రత చెక్కు కోసం ఎదురుచూస్తున్న ముసలివాళ్లకు అది కావాలి. ఊరు మునిగి, ఇల్లు పోయి, మంచం వరుస తప్ప మరే గుర్తూ లేని మనిషికి ఉత్తరం చేరే మార్గం అలా ఏర్పడింది. కౌంటీ గ్రంథాలయం అక్కడే పుస్తకాలతో, కంప్యూటర్లతో ఒక శాఖ తెరిచింది.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. స్థానిక ఔత్సాహికులు కొందరు నిర్వాసితుల కోసం తక్కువ శక్తిగల రేడియో కేంద్రం పెట్టబోతే, కేంద్ర ప్రసార నియంత్రణ సంస్థ వెంటనే అనుమతిచ్చింది. లోపల ఏర్పాట్లు చూస్తున్న అధికారులు మాత్రం ఒప్పుకోలేదు. చివరికి పార్కింగ్ స్థలంలో ఒక ట్రెయిలర్ పెట్టుకుని ప్రసారం చేశారు. ఏ బల్ల దగ్గర ఏ సాయం దొరుకుతుందో తెలియక జనం తిరుగుతున్న చోట సమాచారాన్ని కూడా భద్రత సమస్యగా చూసిన తీరు అది. ఇలాంటి తీరు మన పునరావాస కేంద్రాలు చూసినవారికి కొత్తేమీ కాదు.

వైద్యం విషయంలో కౌంటీ మరింత చురుగ్గా కదిలింది. ఆస్తి పన్ను మీద నడిచే హారిస్ కౌంటీ ఆసుపత్రుల సంస్థ, బేలర్ వైద్య కళాశాల, టెక్సాస్ విశ్వవిద్యాలయ వైద్యులతో కలిసి ఒక్క పగలులో రిలయంట్ అరీనాలో ఆసుపత్రి ఏర్పాటు చేసింది. రెండు వారాల్లో 11,000 మందికి పైగా రోగులను చూశారు. వచ్చినవారిలో వరదలో గాయపడినవారికన్నా మందులు ఇంట్లో వదిలేసి వచ్చిన రక్తపోటు, మధుమేహ, మూత్రపిండ రోగులే ఎక్కువ. దూరపు విపత్తు బాధితులతో ఆశ్రయమిచ్చే ఊరికి వచ్చేవి చాలావరకు ఇలాంటి పాత జబ్బులే. మధ్యలో నోరోవైరస్ వల్ల వాంతులు, విరేచనాలు వ్యాపించి వెయ్యిమందికి పైగా క్లినిక్‌కు వచ్చారు. రోగులను విడిగా ఉంచి, అడుగడుగునా చేతులు శుభ్రం చేసుకునే ఏర్పాట్లు పెట్టి దాన్ని అదుపు చేశారు.

సెప్టెంబరు మూడో వారానికల్లా పెద్ద ఆశ్రయాలు దాదాపు ఖాళీ అయ్యాయి. మిగిలిన కొద్దిమందిని ఆర్కెన్సాకు పంపవలసి వచ్చింది, ఎందుకంటే రీటా అనే మరో తుపాను ఈసారి హ్యూస్టన్ మీదికే వస్తోంది. నగరం వదిలి లక్షలాది కార్లు ఒక్కసారిగా రోడ్డెక్కడంతో గంటల తరబడి రహదారులు స్తంభించాయి. సెప్టెంబరు 23న డాలస్ సమీపంలో వృద్ధాశ్రమ వాసులను తరలిస్తున్న బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. ఆశ్రయమిచ్చిన ఊరికి కూడా ఆపద రావచ్చన్న సంగతిని అప్పటిదాకా ఏ ప్రణాళికా గట్టిగా పట్టించుకోలేదు.

ఇల్లు, అద్దె, ఒప్పందం

హ్యూస్టన్ కథలో నిజంగా నేర్చుకోవలసింది ఇక్కడి నుంచే. టెక్సాస్‌కు వచ్చినవారిలో హ్యూస్టన్ ప్రాంతానికి చేరినవారి సంఖ్యపై అంచనాలు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా ఉన్నాయి. కేంద్ర విపత్తు సంస్థ ఫీమా వీరిలో చాలామందిని హోటళ్లలో ఉంచి, ఆ తర్వాత ట్రెయిలర్ ఇళ్లకు పంపాలని చూసింది. మేయర్ వైట్‌కు అది నచ్చలేదు. ఊరి చివర ట్రెయిలర్ల కాలనీ కడితే అది శాశ్వతంగా వెలివాడ అయి కూర్చుంటుందన్నది అతని భయం. పైగా హ్యూస్టన్‌లో అపార్ట్‌మెంట్లు వేల సంఖ్యలో ఖాళీగా ఉన్నాయి.

నగరమూ కౌంటీ కలిసి ఒక ఉమ్మడి గృహ వసతి బృందాన్ని పెట్టుకున్నాయి. నిర్వాసిత కుటుంబానికి ఒక వోచరు ఇస్తారు. ఆ వోచరు ఒప్పుకున్న అపార్ట్‌మెంట్ యజమానితో ఏడాది అద్దె ఒప్పందం చేసుకుంటారు. అద్దె, కరెంటు బిల్లు నగరం కడుతుంది, ఆ ఖర్చును ఫీమా తిరిగిస్తుంది. ఇలా 30,000కు పైగా కుటుంబాలు ఇళ్లలో చేరాయి. నగరపాలక సంస్థ తన బడ్జెట్లో లేని డబ్బుకు, తన ఓటర్లు కాని మనుషుల తరఫున, ప్రైవేటు యజమానులకు హామీ ఇచ్చింది ఇందులో. ఫీమా చేయి వెనక్కి తీసుకుంటే ఆ బరువంతా హ్యూస్టన్ పన్ను చెల్లింపుదారుల మీద పడుతుంది.

అదే జరగబోయింది కూడా. ఫీమా దృష్టిలో సాయం రెండు రకాలు. మొదటిది స్థానిక ప్రభుత్వాల ద్వారా ఇచ్చే అత్యవసర ఆశ్రయం, రెండోది కుటుంబానికి నేరుగా ఇచ్చే అద్దె సాయం. విపత్తు సాయానికి సంబంధించిన కేంద్ర చట్టమైన స్టాఫర్డ్ చట్టంలో ఈ రెండింటికీ వేర్వేరు సెక్షన్లు, వేర్వేరు అర్హతలు, వేర్వేరు గడువులు. మొదటి దాంట్లో ఉన్నవారిని రెండో దాంట్లోకి మార్చాలని ఫీమా 2005 నవంబరులో ప్రకటించింది, హోటళ్లకు గడువు పెట్టింది. దాని మీద కోర్టుకెక్కితే న్యూ ఆర్లీన్స్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి గడువు పొడిగించమన్నాడు. మరుసటి ఏడాది మీకు అర్హత లేదంటూ వేల కుటుంబాలకు ఉత్తరాలు వచ్చాయి. ఇల్లు పోయిందని నిరూపించే కాగితం లేదనో, ఒకే ఇంట్లో ఉన్న రెండు కుటుంబాలు విడివిడిగా దరఖాస్తు చేశాయనో, తనిఖీకి వెళ్లిన అధికారికి యజమాని దొరకలేదనో కారణాలు. ఏడాది అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టిన నగరమేమో ఇటు యజమానికీ అటు కుటుంబానికీ సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. 2007లో ఈ బాధ్యత కేంద్ర గృహనిర్మాణ శాఖకు మారాకే కాస్త కుదురు వచ్చింది. ఆ పథకంలో స్థానిక గృహనిర్మాణ సంస్థలే అద్దె చెల్లించేవి. 2008 మార్చి నుంచి కుటుంబం తన వాటాగా నెలకు 50 డాలర్లు కట్టాలి, ప్రతి నెలా ఆ వాటా మరో 50 పెరుగుతుంది. సాయం ఒక్కసారిగా తెంపకుండా మెల్లగా తగ్గించే ఈ పద్ధతి మొదటి రోజే పెట్టి ఉంటే ఎన్నో కోర్టు కేసులు తప్పేవి.

వోచరు పథకానికి ఒక లోపం ఉంది, అది పుట్టుకతో వచ్చింది. ఖాళీ అపార్ట్‌మెంట్లు నగరమంతా సమానంగా లేవు. 1970లు, 80ల చమురు కాసుల కాలంలో కట్టి, ఆ తర్వాత పాతబడ్డ భవనాలు నైరుతి హ్యూస్టన్‌లో ఎక్కువ. నిర్వాసితులు పెద్ద సంఖ్యలో అక్కడే దిగారు. అక్కడ ముందు నుంచీ పేదలున్నారు, బడులు కిక్కిరిసి ఉన్నాయి, బస్సులు అంతంతమాత్రం. 2005లో నగరంలో 330 పైచిలుకు హత్యలు జరిగితే 2006లో ఆ సంఖ్య 370 దాటింది. నేరాలన్నీ కొత్తవాళ్ల పనే అన్న మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత నేర శాస్త్రవేత్తలు హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఫీనిక్స్ నగరాల లెక్కలు పరిశీలిస్తే, హ్యూస్టన్‌లో కొన్ని రకాల నేరాల్లో మాత్రమే ఓ మోస్తరు పెరుగుదల కనిపించింది, మిగతా చోట్ల చెప్పుకోదగ్గ మార్పు లేదు. అయినా జనాభిప్రాయం మారిపోయింది. 2005 నవంబరు ఎన్నికల్లో వైట్‌కు 90 శాతానికి పైగా ఓట్లు వేసిన నగరంలోనే, ఆ తర్వాతి రెండు మూడేళ్ల సర్వేల్లో కత్రినా నిర్వాసితుల రాక నగరానికి చెడు చేసిందన్నవారు సగం దాటారు. 2007లో కెనెడీ స్మారక సంస్థ వైట్‌కు ధైర్యసాహసాల అవార్డు ఇచ్చింది. నైరుతి హ్యూస్టన్‌లో అప్పటికి ఆ అవార్డుకు చప్పట్లు కొట్టే ఓపిక ఎంతమందికి ఉందో అనుమానమే.

బడి

పిల్లల విషయంలో అమెరికా చట్టం ముందే సిద్ధంగా ఉంది. నిలువ నీడ లేని పిల్లల కోసం చేసిన మెకిన్నీ-వెంటో చట్టం ప్రకారం జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, పాత బడి టీసీ లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి. కాగితాలు తర్వాత తెప్పించుకోవచ్చు. హ్యూస్టన్ స్వతంత్ర పాఠశాలల డిస్ట్రిక్టు సెప్టెంబరు మొదటి వారంలోనే ఆస్ట్రోడోమ్ దగ్గరి నుంచి బస్సులు నడిపింది. మూతపడ్డ బడి భవనాలు మళ్లీ తెరిచింది. టెక్సాస్ మొత్తం మీద 40,000కు పైగా పిల్లలు బడుల్లో చేరారు.

డబ్బు మాత్రం ఆలస్యంగా వచ్చింది. విద్యార్థి ఒక్కరికి 6,000 డాలర్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు 7,500 డాలర్ల దాకా ఇస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది 2005 డిసెంబరు చివర్లో. సెప్టెంబరులో చేరిన పిల్లవాడికి పుస్తకాలు, పంతుళ్ల జీతాలు ఆ నాలుగు నెలలూ ఎక్కడి నుంచి తేవాలన్నది ఆయా డిస్ట్రిక్టుల తలనొప్పి అయింది. అయితే ఆ చట్టంలోని ఆలోచన గొప్పది. డబ్బు బడిని బట్టి కాక పిల్లవాడి వెంట నడుస్తుంది, ఏ రాష్ట్రంలో చదివితే ఆ రాష్ట్రానికే వెళ్తుంది.

ఫలితాలపై ఆర్థికవేత్తలు తర్వాత లోతుగా పరిశోధించారు. మొదటి ఏడాది నిర్వాసిత పిల్లల మార్కులు పడిపోయాయి. ఆ తర్వాత కోలుకున్నాయి, చాలామంది న్యూ ఆర్లీన్స్‌లో ఉన్నప్పటికంటే మెరుగుపడ్డారు. స్థానిక పిల్లల చదువు మీద సగటున పెద్ద ప్రభావం కనిపించలేదు. కొత్తవాళ్లు వచ్చి బడి పాడైందన్న అపార్ట్‌మెంట్ మెట్ల మీది మాటలకు ఇది జవాబు. కానీ ఇలాంటి జవాబులు ఎప్పుడూ ఐదారేళ్లు ఆలస్యంగానే వస్తాయి.

బిల్లు ఎవరిది?

దూరపు విపత్తులో అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇదే. విపత్తు టెక్సాస్‌లో జరగలేదు, మరి టెక్సాస్‌కు కేంద్ర సాయం ఏ లెక్కన? 2005 సెప్టెంబరు 2న అధ్యక్షుడు కేవలం నిర్వాసితులకు ఆశ్రయమిస్తున్నందుకే టెక్సాస్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ తర్వాత వరసగా 40కి పైగా రాష్ట్రాలకు అలాంటి ప్రకటనలు వచ్చాయి. ఆశ్రయమివ్వడాన్ని కూడా విపత్తు నష్టంలో భాగంగా గుర్తించిన నిర్ణయం అది. అది లేకపోతే హ్యూస్టన్ వోచర్లు ఒక్క నెల కూడా నడిచేవి కావు. పేదల వైద్య పథకం మెడికెయిడ్‌కు కూడా ఇలాంటి సడలింపే వచ్చింది. రాష్ట్రానికొక నిబంధన ఉండే ఆ పథకంలో, నిర్వాసితులకు టెక్సాస్ తాత్కాలికంగా వైద్యం అందించే వీలు కల్పించారు.

ఇంకో సంగతి. ఆశ్రయమిచ్చే ఊరు సేవలు ఇచ్చినా ఓటు ఇవ్వలేదు. 2006 ఏప్రిల్, మే నెలల్లో న్యూ ఆర్లీన్స్ మేయర్ ఎన్నికలు జరిగాయి. అభ్యర్థులు హ్యూస్టన్ దాకా వచ్చి ప్రచారం చేసుకున్నారు. నగరం బయట ఉన్నవారి కోసం పోలింగ్ కేంద్రాలు పెట్టారు గానీ అవన్నీ లూజియానా రాష్ట్రం లోపలే. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లు పోస్టల్ బ్యాలట్ వాడాలి, లేదా బస్సెక్కి రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్లాలి. ఆశ్రయ కేంద్రాల్లో ఉన్నవారిని 2005 సెప్టెంబరులో సర్వే చేసినప్పుడు తిరిగి వెళ్తామన్నవారు, ఇక్కడే స్థిరపడతామన్నవారు దాదాపు సమానంగా ఉన్నారు. అంటే ఎవరు ఏ ఊరి పౌరులవుతారో తేలని స్థితి.

ఫుతాబా: ఊరితోపాటు వలస వెళ్లిన పంచాయతీ

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రకృతి విపత్తుకు మనిషి చేసిన పొరపాటు తోడైన సందర్భం కాబట్టి దీన్ని శుద్ధ ప్రకృతి వైపరీత్యం అనలేం. అయినా నిర్వాసితుల పాలన విషయంలో దీనికి సాటి వచ్చే ఉదాహరణ మరొకటి లేదు.

అణు కేంద్రం పక్కనే ఉన్న ఫుతాబా పట్టణ జనాభా సుమారు 7,000. ఆ పట్టణ పాలక సంస్థ తన కార్యాలయాన్నే మూటగట్టుకుని, వెయ్యిమందికి పైగా ప్రజలతో మార్చి 19న దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని సైతామా సూపర్ అరీనాకు చేరింది. నెలాఖరుకు అదే ప్రిఫెక్చర్‌లోని (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) కాజో నగరంలో మూతబడిన ఒక హైస్కూలుకు మారింది. తరగతి గదుల్లో కుటుంబాలు, కింద చాపలు, మధ్యలో నడుము ఎత్తు అడ్డుతెరలు. అదే భవనంలో మునిసిపల్ ఆఫీసు. జనన మరణాల నమోదు, ధ్రువపత్రాలు, పింఛన్ల పని అంతా అక్కడే. రోజూ డబ్బా భోజనం. ఆ బడి నుంచి చివరి నిర్వాసితులు బయటికి వెళ్లింది 2013 డిసెంబరులో. పట్టణ ఆఫీసు అప్పటికి ఇవాకీ నగరానికి మారింది. తిరిగి ఫుతాబాలో తలుపులు తెరిచింది 2022లో.

అమెరికాలో నిర్వాసితుడు వీలైనంత త్వరగా కొత్త ఊరి మనిషి కావాలన్నది ఆలోచన. జపాన్ ఆలోచన దానికి తలకిందులు. అక్కడ ప్రతి మనిషికీ ఒక నివాస రిజిస్టరు ఉంటుంది, దాన్ని మార్చితేనే కొత్త ఊళ్లో సేవలు. మార్చితే పాత ఊరితో బంధం, నష్టపరిహారం హక్కు, తిరిగి వెళ్లే ఆశ అన్నీ సడలిపోతాయన్న భయం. అందుకే 2011 ఆగస్టులో ప్రత్యేక చట్టం చేశారు. ఫుకుషిమాలోని 13 పురపాలికలకు చెందిన నిర్వాసితులు తమ రిజిస్టరు మార్చుకోకుండానే, ఉంటున్న ఊరి ప్రభుత్వం నుంచి టీకాలు, శిశు సంరక్షణ, బడి ప్రవేశం, వృద్ధుల సంరక్షణ వంటి సేవలు పొందవచ్చు. ఖర్చు కేంద్రానిది. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకునేందుకు దేశమంతటి పురపాలికలను కలిపే సమాచార వ్యవస్థ కూడా పెట్టారు. పాత ఊరు పత్రికలు, నోటీసులు పంపుతుంది, కొత్త ఊరు చెత్త తీసుకెళ్తుంది, పిల్లలకు చదువు చెబుతుంది.

అద్దె ఇళ్ల విషయంలో జపాన్ చేసిన పని హ్యూస్టన్‌కు దగ్గరగా ఉంటుంది. ప్రభుత్వం అద్దెకు తీసుకున్న ప్రైవేటు ఇంటినే తాత్కాలిక గృహంగా లెక్కించారు. ఆశ్రయమిచ్చే ప్రిఫెక్చర్ అద్దె కట్టి, విపత్తు ప్రిఫెక్చర్‌కు బిల్లు పంపుతుంది. కానీ ప్రభుత్వ ఆదేశంతో కాక, తమ భయంతో తామే ఇల్లు వదిలినవారికి ఈ సాయం 2017 మార్చితో ఆగిపోయింది. ఆ తర్వాత కొన్ని ప్రిఫెక్చర్లు సొంత నిధులతో కొంత కాలం ఆదుకున్నాయి, మరికొన్ని చేతులెత్తేశాయి.

జపాన్‌లో మరో మంచి సంప్రదాయం ఊరికి ఊరు చేయూత. టోక్యోలోని సుగినామి వార్డుకు మినామిసోమా నగరంతో విపత్తు సాయం ఒప్పందం అంతకుముందే ఉంది. సుగినామి తనతో అలాంటి ఒప్పందాలున్న మరికొన్ని ఊళ్లను కలుపుకుని మినామిసోమా నిర్వాసితులకు బస్సులు, బస ఏర్పాటు చేసింది. కేంద్రం ఆదేశం కోసం ఎదురుచూడకుండా, ముందే ఎరిగిన మనుషులకు ఫోన్ చేసి పని నడిపించిన పద్ధతి ఇది.

విమానాశ్రయం దగ్గర స్వాగతం

మళ్లీ అమెరికాకు వస్తే, 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ఆ దేశ పాలనలోని ప్యూర్టో రికో ద్వీపాన్ని ధ్వంసం చేశాక వేలమంది ఫ్లోరిడా చేరారు. అక్టోబరు మొదటి వారంలో ఓర్లాండో, మయామీ విమానాశ్రయాల్లో రాష్ట్రమూ స్థానిక సంస్థలూ కలిసి ఒకే చోట అన్ని కౌంటర్లు తెరిచాయి. డ్రైవింగ్ లైసెన్సు, బడి ప్రవేశం, ఆహార సాయం, ఉద్యోగ సమాచారం అన్నీ సామాను తీసుకునే చోటికి దగ్గర్లోనే. హ్యూస్టన్‌లో మంచాల మధ్య వెతుక్కోవలసిన పని ఇక్కడ దిగగానే అయిపోయేది. ఇల్లు మాత్రం ఇక్కడా మింగుడుపడలేదు. ఓర్లాండో చుట్టుపక్కల అద్దెలు ఎక్కువ, చాలా కుటుంబాలు ఫీమా ఖర్చుతో మోటెల్ గదుల్లో నెలల తరబడి గడిపాయి. గడువు మీద గడువు పొడిగిస్తూ, కోర్టు కేసు నడుస్తుండగా, 2018 సెప్టెంబరులో ఆ సాయం ఆగింది.

భారతదేశంలో

మన విపత్తు నిర్వహణ చట్టం కత్రినా వచ్చిన 2005లోనే, డిసెంబరులో వచ్చింది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు సహాధ్యక్షుడుగా ఒక ప్రాధికార సంస్థ ఉంటుంది. విపత్తు నిధి, నష్టపరిహారం, గంజి కేంద్రం, అన్నీ దెబ్బతిన్న జిల్లాకే. బాధితుడు వేరే రాష్ట్రానికి పోతే అక్కడి కలెక్టరు లెక్కలో అతను విపత్తు బాధితుడు కాడు, వలస కూలీ. 2009 మే 25న ఐలా తుపాను సుందరబన్స్ పొలాల్లోకి ఉప్పునీరు తెచ్చాక కేరళ, తమిళనాడులకు పనికోసం వెళ్లిన వేలమంది అలాగే లెక్కకెక్కారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. తోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అంతకుముందే చెన్నై, హైదరాబాద్‌లకు వలసపోవడం అలవాటైన ప్రాంతమది. చెట్టుకింత అని లెక్కగట్టి ఇచ్చిన పరిహారం చెట్టు యజమానికి అందింది. ఆ తోటలో పనిచేసి, పని పోయి, హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ పనికి చేరిన మనిషికి అక్కడి నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ దగ్గర ప్రత్యేక పద్దు ఏదీ లేదు.

అయినా విపత్తును దృష్టిలో పెట్టుకోకుండా చేసిన రెండు ఏర్పాట్లు ఇలాంటివారికి కలిసొస్తున్నాయి. విద్యా హక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని పిల్లవాడిని బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. ఇది మెకిన్నీ-వెంటోకు దగ్గరి చుట్టమే. రెండోది రేషన్. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి అంతర్రాష్ట్ర ప్రయోగంగా 2019 ఆగస్టులో మొదలైంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య. 2022 జూన్‌కల్లా దేశమంతా చేరింది. ఇప్పుడు ఉద్దానం కార్డుతో హైదరాబాద్‌లోని చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఇళ్ల స్థలాల జాబితా, విపత్తు పరిహారం, ఓటరు జాబితాలో పేరు మాత్రం ఇప్పటికీ ఊరికే కట్టుబడి ఉన్నాయి.